నీళ్ల జిగురు

ఆ బ్యాటరీల ప్రయోగశాలలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల ఆఫీసు ఒక్కటే. మిగతా అందరికీ ఆమె జిగురమ్మ. ఆ పేరు పెట్టిందెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్లను తప్పు పట్టడానికి లేదు. వాళ్లు చేసేది లిథియం, గంధకం కలిసి పనిచేసే బ్యాటరీ. బరువు తక్కువ, గంధకం చవక, ఛార్జి చేసుకుంటూ మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అందుకోసం పసుపుపచ్చటి గంధకం పొడినీ నల్లటి కార్బన్ పొడినీ కలిపి పల్చటి అల్యూమినియం రేకు మీద పూత వెయ్యాలి. ఆ పొడులు రాలిపోకుండా ఒకదాన్నొకటి పట్టుకుని, అన్నీ కలిసి రేకును పట్టుకుని ఉండాలంటే మధ్యలో జిగురు కావాలి. ఆ జిగురు తయారుచెయ్యడం, దాంతో పొడులను ముద్ద చెయ్యడం, ముద్దను రేకు మీద పెట్టి బ్లేడుతో లాగడం ఆమె పని.

లాగడమంటే ఆమెకు ప్రాణం. అప్పటిదాకా బురదలా కూర్చున్న ముద్ద, బ్లేడు తనవైపు జరుగుతుంటే నల్లటి పట్టుగుడ్డలా పరుచుకుంటుంది. దాన్ని చూడటానికే పొద్దున్నే లేచి వస్తున్నానని ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు. అనకపోయినా అందరికీ తెలుసు. భోజనానికి పిలిస్తే ఈ ఒక్క రేకూ లాగేసి వస్తానంటుంది. ఆ ఒక్క రేకు ఏనాడూ ఒక్కటితో ఆగలేదు.

చిక్కల్లా పాత జిగురుతోనే. అది మామూలు నీళ్లలో కరిగే రకం కాదు. దానికో ప్రత్యేకమైన ద్రావకం ఉంది. కుళ్లిన చేపల్ని పక్కింట్లో దాచిపెట్టినట్టుండే వాసన దానిది. ఆ ఆవిరి పీల్చకుండా పూతగది నిండా పంకాలు బిగించారు. అవి పొద్దస్తమానం హోరుమంటుంటే, లోపల ఉన్నవాళ్లు చెంచా ఇవ్వమని అడగాలన్నా గొంతు చించుకోవాలి. అన్నిటికీ మించి, కడుపులో ఉన్న బిడ్డకు ఆ ద్రావకం మంచిది కాదు. అందుకని గర్భిణులు పూతగది గడప తొక్కకూడదని నిబంధన. మంచి నిబంధనే, దానితో ఎవరికీ పేచీ లేదు. జిగురమ్మకు అసలే లేదు, తనకే కడుపు పండేదాకా.

ఆ కబురు తెలిసిన రోజు ఇంట్లో ఎవరి కాళ్లూ నేల మీద నిలవలేదు. సిటీ బస్సు నడిపే ఆమె భర్త, ఆపాల్సిన చోట ఆపకుండా దాటిపోయి ప్రయాణికుల చేత నానా తిట్లూ తిన్నాడు, నవ్వుతూనే తిన్నాడు. అత్తగారు ఇరుగుపొరుగు తలుపులన్నీ తట్టి వచ్చి, ఇంకా ఎవరికీ చెప్పొద్దని కొడుకును హెచ్చరించింది. జిగురమ్మ మాత్రం రాత్రి నవ్వుతూ పడుకుని, తెల్లారి లేచి కూర్చుని పూతగది సంగతి తలుచుకుంది.

ఆ పొద్దున ఆమె పూతగది వైపు వెళ్లలేదు. నేరుగా ప్రయోగశాల పెద్ద దగ్గరకు వెళ్లి చెప్పేసింది. ఆయన్ను అందరూ సారు అంటారు. నిబంధనలంటే ఆయనకు కన్నబిడ్డలతో సమానం. ముందు సంతోషమమ్మా అని మనస్ఫూర్తిగా అన్నాడు, వెంటనే పూతగది తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. రెండూ ఒకే ముఖంతో చెయ్యడం ఆయనకే చెల్లింది.

తాళంచెవి ఇచ్చేటప్పుడు ఆమెను భయపెట్టింది ఆ గదికి దూరంగా ఉండాల్సిన కొద్ది నెలలు కావు. ఆమె కంటే ముందు ఆ గదిలో పూత వేసిన ఇద్దరు ఆడవాళ్లు ఇలాగే పిల్లల కోసం బయటికి వచ్చారు. తిరిగి వచ్చేసరికి బల్ల దగ్గర వేరే చేతులున్నాయి. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. ఒకామె ఇప్పుడు సామాన్ల గది చూసుకుంటుంది, రెండో ఆమె కొనుగోళ్ల విభాగంలో ఫోన్లు ఎత్తుతుంది. పూత చెయ్యి పాడే గొంతులాంటిది, వాడకపోతే మొరాయిస్తుంది. జిగురమ్మకు బిడ్డ కావాలి, బల్ల కూడా కావాలి. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"సార్, నీళ్లలో కరిగే జిగురుతో చేస్తే ఈ గొడవే ఉండదు కదా?" అంది.

అది కొత్త మాటేమీ కాదు. ఆ ప్రయోగశాలలోనే ఇంతకుముందు చేసి చూశారు. పల్చటి పూతకు బాగానే ఉండేది గానీ, బ్యాటరీకి పనికొచ్చే మందాన వేస్తే ఆరగానే బీటలు వారేది. చేసినవాళ్లు విసిగి చేతులెత్తేశారు. సారు ఈ కథంతా గుర్తుచేశాడు. అయినా ఆమె కదలకపోయేసరికి కాసేపు కళ్లజోడు తుడుచుకుని, గాజుసామాను కడిగే గది ఖాళీగానే ఉంది, అక్కడ నీళ్లతో ఏం చేసుకుంటారో చేసుకోండన్నాడు. మందపు పూత బీటలు వారకూడదు, కడ్డీకి చుట్టినా పెచ్చులూడకూడదు, దాంతో చేసిన బ్యాటరీలు పరీక్షలో పాతవాటికి తీసిపోకూడదు. ఈ మూడూ జరిగితే ద్రావకాన్ని భవనంలోంచే పంపించేస్తానని, పూతబల్ల ఆమెదేనని మాట ఇచ్చాడు. జరగకపోతే పూతకు కొత్త మనిషిని తీసుకోక తప్పదు.

"అప్పుడు మీకు ఆఫీసులో కుర్చీ వేయిస్తాను. కుర్చీ మంచిదేనమ్మా, తిరుగుతుంది కూడా," అన్నాడు.

ఆ తిరిగే కుర్చీ మాట ఆమెకు చెవిలో జోరీగ అయింది.

కడిగే గదిలో రెండు తొట్లు, కారే కుళాయి, వీధి వైపు ఒక కిటికీ ఉన్నాయి. మొదటిరోజే అక్కడికి తన స్టూలు తనే మోసుకుంటూ నిమ్మళం వచ్చాడు. పూతగదిలో ఇన్నాళ్లూ ఆమెకు జోడీ అతనే. నిప్పంటుకున్నా నడిచే వస్తాడని ఆ పేరు పెట్టారు. పొద్దున పాత గదిలో పని, మధ్యాహ్నం ఇక్కడ అని తనకు తనే నిర్ణయించుకున్నాడు. ఎవరు చెప్పారని సారు అడిగితే, ఎవరూ వద్దనలేదుగా అన్నాడట.

మొదట గంధకం ఎదురుతిరిగింది. దానికీ నీళ్లకూ పడదు. పోసిన పొడి పోసినట్టే పైన తేలి, ఎంత కలిపినా పెళ్లిలో అలిగిన బంధువులా కలవకుండా పక్కకు పోయింది. గట్టిగా చిలికితే నురగ లేచింది. ఆ నురగలో గాలిబుడగలు, ఎండాక బుడగకొక చిల్లు. జిగురమ్మ పద్ధతి మార్చింది. కాగితపు గుజ్జు నుంచి తీసే జిగురుపొడిని ముందు కొద్ది నీళ్లలో నానబెట్టి, పొడులను అందులో వేసి, రొట్టెపిండిలా గట్టిగా మర్దించింది. పొడి తడిసి దారికొచ్చాక మాత్రమే మిగతా నీళ్లు పోసి పలచన చేసింది. చివర్లో కాస్త రబ్బరుపాలు కలిపింది. గుజ్జుజిగురు గట్టిగా పట్టుకుంటుంది, రబ్బరు సాగుతుంది. బ్యాటరీ వాడుతుంటే లోపలి గంధకం ఉబ్బుతుంది, ఛార్జి ఎక్కిస్తే తగ్గుతుంది. ఆ ఉబ్బడానికీ తగ్గడానికీ పూత పగలకుండా ఉండాలంటే సాగే గుణం తప్పనిసరి.

"నీ జిగురు నేర్చుకోవాల్సిన పని నీ పొట్ట ముందే మొదలెట్టింది చెల్లెమ్మా," అన్నాడు నిమ్మళం. అతను రోజుకు ఒక జోకు వేస్తాడు, ఆ రోజుది అది.

ముద్ద కుదిరింది, బ్లేడు కింద చక్కగా పరుచుకుంది. ఆమె ముఖం వెలిగిపోయింది. పూత ముగించగానే రేకును రెండు చేతులా ఎత్తి, పూతను ఆరబెట్టే వేడి పెట్టెలో పెట్టింది. కాసేపయ్యాక తెరిచి చూస్తే ఎండిన బురదనేల. ఈ చివర నుంచి ఆ చివర దాకా బీటలే.

ఆ తర్వాత చాలా వారాలు అదే తంతు. రబ్బరుపాలు పెంచింది, బీటలు. తగ్గించింది, ఇంకా పెద్ద బీటలు. సముద్రపు పాచి నుంచి తీసిన జిగురు తెప్పించింది. బీటలు అందంగా వచ్చాయి, అంతే తేడా. నీళ్లు మార్చింది, కార్బన్ మార్చింది, చివరికి తను నిలబడే వైపు కూడా మార్చింది. తల ప్రాణం తోకకొచ్చింది. సారు రోజూ తలుపులోంచి తొంగిచూసి, ఏమీ అనకుండా వెళ్లేవాడు. అనకపోవడం ఎంత చిరాకో ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది.

ఇంట్లో మాత్రం ఆ నీళ్ల జిగురుకు అప్పటికే పట్టాభిషేకం అయిపోయింది. కోడలి జుట్టులోంచి చేపల వాసన పోయినందుకు అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గెలిచినా ఓడినా నీళ్లనే నమ్ముకోమని సలహా ఇచ్చింది. అయితే అక్కడ నీళ్లతో అంత హుషారుగా పనిచేసే మనిషికి ఇంట్లో గిన్నెల దగ్గర ఆ హుషారు ఎందుకు రాదో కనుక్కోవాలని కొడుకుతో అంది, కోడలికి వినపడేంత మెల్లగా. జిగురమ్మ నవ్వింది గానీ ఆ రాత్రి భర్త పక్కన కూర్చుని, బీటలు ఆగకపోతే తిరిగే కుర్చీలో తిరుగుతూ బతకాలేమోనని కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను, తన బస్సు సీటు అసలు తిరగనే తిరగదని, అయినా తను బానే ఉన్నానని అన్నాడు. ఆమెకు ఏడుపులో నవ్వొచ్చింది.

ఆ రోజుల్లోనే నిద్ర మొదలైంది. మామూలు నిద్ర కాదు, కడుపుతో ఉన్నవాళ్లకు మధ్యాహ్నం పూట చెప్పాపెట్టకుండా వచ్చి మీద పడే నిద్ర. ఒక మధ్యాహ్నం ఆమె రేకు లాగింది. అప్పుడే కళ్లు మూతలు పడుతున్నాయి. కిటికీలోంచి దుమ్ము పడకుండా రేకు మీద ఒక ప్లాస్టిక్ పళ్లెం బోర్లించి, ఒక్క నిమిషం కూర్చుని లేద్దామని నిమ్మళం స్టూలు మీద కూలబడి, గోడకు తల ఆనించింది. నిమ్మళం వచ్చి చూశాడు. లేపలేదు. స్టూలు లేదు కాబట్టి తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చుని, తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో వెలుతురు పల్చబడింది. ఆమె ఉలిక్కిపడి లేచింది. పూత వేసి, వేడి పెట్టెలో పెట్టకుండా వదిలేసింది. పూతగదిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. పాత జిగురు పూతను తడిగా బయట వదిలితే గాలిలో తేమ తాగేసి, తెల్లబారి, విరిగిన పాలలా పాడైపోతుంది. అందుకే బ్లేడు ఆగిన మరుక్షణం రేకు వేడి పెట్టెలో ఉండాలని ఆ పనిలో చేరిన ప్రతివాళ్లకూ మొదటిరోజే నూరిపోస్తారు. ఆ పాఠం ఆమె చేతుల్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, చేతులు వాటంతట అవే రేకును ఎత్తి పెట్టెలో పెట్టేవి, మనసును అడిగేవి కాదు.

"లేపొచ్చు కదన్నా," అంది.

"బిడ్డ కూడా పడుకుంది కదా," అన్నాడు నిమ్మళం.

పారేద్దామని ఆమె పళ్లెం ఎత్తింది. ఎత్తిన పళ్లెం చేతిలో అలాగే ఉండిపోయింది. రేకు మీద పూత నల్లగా, నున్నగా, ఒక్క వెంట్రుకంత చీలిక కూడా లేకుండా పడుకుని ఉంది. అంచుల్లో ఆరింది, మధ్యలో ఇంకా కొద్దిగా చెమ్మ. పళ్లెం లోపలి వైపు సన్నటి నీటి ఆవిరి పట్టి ఉంది. ఆమె ఒకసారి ఆ ఆవిరిని, ఒకసారి పూతను చూసింది. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. పొట్ట పట్టుకుని అదే స్టూలు మీద మళ్లీ కూలబడింది.

ఇన్ని వారాలూ జిగురుదే నేరమని దాన్ని సతాయించింది. నేరం జిగురుది కాదు, తన చేతులది. వేడి పెట్టెలో పెట్టగానే పైపొర ముందు ఆరిపోయి బిగుసుకునేది. లోపలి నీళ్లు బయటికి రావాలని తోసేవి, పైపొర పగిలేది. మూత కింద తన తేమ తనమీదే ఉండటంతో పూత పైనా కిందా కలిసి నిమ్మళంగా ఆరింది. పాత జిగురుకు ప్రాణం పోసిన తొందరే కొత్త జిగురు ప్రాణం తీసింది. అది ఆ గదిలో ఏళ్లు పనిచేసినవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు. ఇంతకుముందు చేతులెత్తేసినవాళ్లు కూడా అచ్చంగా అదే చేసి ఉంటారు.

మర్నాడు సారు ముందు ఆ రేకును కడ్డీకి చుట్టారు. పెచ్చు రాలలేదు. సారు భూతద్దం తెచ్చుకున్నాడు, మళ్లీ చుట్టమన్నాడు. మళ్లీ రాలలేదు. ఎలా ఆరబెట్టారని అడిగాడు.

"నిద్రపోయాను సార్," అంది జిగురమ్మ.

సారు ముఖంలో మార్పు లేదు. ఎంతసేపు నిద్రపోయారని అడిగాడు. ఆమెకు తెలియదు. నిమ్మళాన్ని అడిగాడు. నిద్రపోయేవాళ్ల పక్కన కూర్చుంటే తనకూ నిద్రొస్తుందని నిమ్మళం ఒప్పుకున్నాడు. ఒక రేకు అదృష్టమే అవుతుంది గానీ పద్ధతి కాదని సారు తేల్చేశాడు. ఆ వారమంతా కడిగే గది నిండా బోర్లించిన పళ్లేలే. ఒకటి తొందరగా ఎత్తారు, ఒకటి ఆలస్యంగా, ఒకటి వంకరగా పెట్టి గాలి ఆడనిచ్చారు. తొందరగా ఎత్తినవి పగిలాయి, ఓపిక పట్టినవి నిలిచాయి. పూత బాగా ఆరాక సన్నటి వేడి మీద మిగిలిన చెమ్మ లాగేస్తే ఇక తిరుగులేదు. పూత వేసినప్పుడల్లా నిద్రపోయే ఉద్యోగం తనకూ ఇప్పించమని మిగతా విభాగాలవాళ్లు గుమ్మం దగ్గరకొచ్చి అడిగిపోయేవారు.

ఇక మిగిలింది బ్యాటరీల పరీక్ష. రేకులోంచి గుండ్రటి బిళ్లలు కోసి, నాణెమంత బ్యాటరీలు చేసి, పాత జిగురువి ఒక వరుస, నీళ్ల జిగురువి ఒక వరుస యంత్రంలో పెట్టారు. యంత్రం వాటిని ఛార్జి చేస్తుంది, ఖాళీ చేస్తుంది, మళ్లీ చేస్తుంది, తెర మీద గీతలు గీస్తుంది. నెలలు పట్టే వ్యవహారం. ఈ నెలల్లో జిగురమ్మ పొట్ట పెరిగింది, తెర మీది గీతలు సాగాయి. ఆమె రోజూ పొద్దున ముందు తెర దగ్గరకు వెళ్లి నిలబడేది. పాత జిగురు గీత మొదట్లో దర్జాగా నడిచి, తర్వాత తర్వాత మెట్లు దిగినట్టు దిగడం మొదలెట్టింది. నీళ్ల గీత దాని పక్కనే తలవంచుకుని నడుస్తూ, పాతది దిగిపోతున్నా తను దిగలేదు. ఒకరోజు అదీ కాస్త వంగింది. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు. మర్నాడు చూస్తే గదిలో కరెంటు పోయి వచ్చిందని తేలింది, గీత మళ్లీ లేచి నిలబడింది. భర్త ఆ సంతోషంలో బస్సును మాత్రం ఆపాల్సిన చోటే ఆపాడు.

పరీక్ష ముగిసిన రోజు సారు ఆమెను పిలవలేదు. ఆయనే నడిచి కడిగే గదికి వచ్చాడు. నిలబడి, కళ్లజోడు తుడుచుకుని, ఇంకా తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ద్రావకం పీపాలు రేపు వెళ్లిపోతాయి. పూతగది మొత్తం కడిగిస్తున్నాను. కొత్త మనిషి వద్దని పైవాళ్లకు చెప్పేశాను," అన్నాడు. కాస్త ఆగి, "కాన్పుకు వెళ్లేలోపు నిమ్మళానికి చెయ్యి నేర్పండి. మీరు వచ్చేదాకా బల్ల అతను చూస్తాడు. వచ్చాక అది మీదే," అన్నాడు.

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి తొట్టి గట్టు మీద పెట్టాడు. జిగురమ్మ కృతజ్ఞతలు చెప్పబోయి ఏడ్చేసింది. కంగారుపడిన సారు ఆ కారే కుళాయిని రేపే బాగుచేయిస్తానని మాట ఇచ్చి వెళ్లిపోయాడు.

పూతగది కడిగి ఆరాక, గాలి పరీక్షించి సరేనన్నాక, ఆమె గడప దాటింది, వెనకే నిమ్మళం, సారు వచ్చారు. పంకాలు ఆపేశారు. ఆ గదికి నిశ్శబ్దం ఉంటుందని అక్కడెవరికీ తెలియదు. నిమ్మళం అలవాటు కొద్దీ బ్లేడు ఇవ్వనా అని గొంతు చించుకుని అరిచాడు, తన అరుపు తనకే వినపడి బిత్తరపోయాడు. ముగ్గురూ కాసేపు నవ్వుకున్నారు. జిగురమ్మ ముద్ద కలిపింది, రేకు పరిచింది, బ్లేడు అవతలి అంచున పెట్టడానికి వంగింది. అందలేదు. పొట్ట బల్లకు ఆనింది, చెయ్యి సగం దూరంలో ఆగిపోయింది. ఇన్ని నెలలు పోరాడి తెచ్చుకున్న బల్ల ఇప్పుడు బెత్తెడు దూరంలో ఉండి ఆమెను వెక్కిరించింది.

నిమ్మళం బల్ల ఒక కొస పట్టుకుని సారు వంక చూశాడు. జీవితంలో ఒక్క సామానూ జరిపి ఎరగని సారు కోటు విప్పి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బల్లను అడ్డం తిప్పారు. జిగురమ్మ దాని పక్కన ఒద్దికగా, పొట్ట తగలకుండా పక్కవాటుగా నిలబడింది. బ్లేడు పట్టుకుని లాగింది. నల్లటి పట్టుగుడ్డ పరుచుకుంటూ వచ్చింది, సగం దాకా వచ్చింది, అప్పుడు లోపలి నుంచి ఒక్క తన్ను. గట్టి తన్ను. చెయ్యి కదిలి, గీసినట్టుండే అంచులో చిన్న వంకర పడింది.

ఆమె బ్లేడును చివరిదాకా లాగి, గాజులా తేటగా ఉన్న పళ్లెం బోర్లించింది. వంకరలంటే గిట్టని సారు ముందుకు వంగి ఆ చోటు చూశాడు, ఆ భాగం కోసి పారెయ్యాలన్నాడు.

"అది నా తప్పు కాదు సార్, బిడ్డ తన్నింది," అంది జిగురమ్మ.

సారు చాలాసేపు పళ్లెంలోంచి ఆ వంకరను చూశాడు. తర్వాత కోటు తొడుక్కుంటూ, నెమ్మదిగా అన్నాడు:

"అయితే ఉండనివ్వండి. ఆరాక ఆ ముక్క మీరు ఇంటికి తీసుకెళ్లండి."